లింబయ్య లారీ నూనె ఎవలు తాగిండ్రు?

"నర్సూ, ఈ నిజామాబాద్ జిల్లాలో ఇంకా నేరాలు జరుగుతున్నాయంటే దానికి ఒక్కటే కారణం. నేరస్థులకు నా గురించి ఇంకా తెలియదు!"

కుర్చీల వెనుకకు ఒరిగి బాపురావు గీ మాట అన్నడు. ఆ కుర్చీకి మూడు కాళ్లే గట్టిగున్నయ్. మాట పూర్తయ్యేసరికి మనిషి కింద ఉన్నడు. లేచి ప్యాంటు దులుపుకొని, "కుట్ర!" అన్నడు.

నా పేరు బాలనర్సయ్య. నిజామాబాద్ బస్టాండ్ వెనుక సందుల గడియారాలు బాగు చేస్త. చైనా గడియారాలు వచ్చినంక జనం బాగు చేయించుడు మానేసి, చెడిపోతే పారేస్తున్నరు. గందుకని నా దగ్గర గడియారాల కంటె టైమే ఎక్కువుంటది. ఆ టైమంత తినేటోడు నా పక్క దుకాణం బాపురావు. జిరాక్సులు తీస్తడు, లామినేషన్ చేస్తడు. ఊరోళ్ల రేషన్ కార్డుల కాడికెళ్లి విడాకుల కాగితాల దాకా అన్నీ ఆయన చేతులకెళ్లే పోవాలె. అన్నీ చదువుతడు. చదువంగ చదువంగ తాను డిటెక్టివ్‌నని ఆయనకు ఎర్కైంది. "బాపురావు, అపరాధ పరిశోధకుడు. లామినేషన్ కూడా చేయబడును" అని కార్డు కొట్టించుకున్నడు. పరిశోధన నడిచేటప్పుడు పుస్తకాల భాష మాట్లాడ్తడు. భయమైతే మాత్రం అసలు భాష బయటికొస్తది. పోయినేడు కోర్టు వెనుక తప్పిపోయిన మేకను రెండు రోజులల్ల పట్టుకొచ్చిండు. గది వేరేటోళ్ల మేక.

2003 జనవరి నెల. చెరుకు జోరు మీదున్న కాలం. పొద్దున పదింటికి మా సత్తక్క దుకాణం మెట్లెక్కింది. సత్తవ్వ నాకు పెద్దమ్మ బిడ్డ. ఇచ్చింది చందూర్‌ల. బావ లింబయ్యకు ఒక లారీ ఉన్నది, ఇరవై ఏండ్ల పాతది. చెరుకు కాలమొస్తే రైతుల చెరుకు బోధన్ ఫ్యాక్టరీకి కొట్టి, ఆ నాలుగు నెలల కష్టంతోని ఏడాదంత ఎల్లదీస్తరు.

"తమ్మీ, మీ బావకు పిచ్చి లేసింది. జర నువ్వొచ్చి సెప్పు" అన్నది అక్క, కూసోకుంటనే.

"ఏమైందక్కా?"

"నూనెతోని లొల్లి."

"మంచినూనెనా?"

"మంచిదో సెడ్డదో నాకేమెర్క? లారీల పోసే నూనె."

సంగతేందంటే, పోయిన నెల వర్నిల బంకు కాడ ఒక పట్నపాయన షామియానా ఏసిండు. రెండు గాజు గొట్టాలు పెట్టి ఒకదాంట్ల మామూలు ఇంజన్ ఆయిల్, ఇంకోదాంట్ల సింథటిక్ ఆయిల్ పోసి సూపెట్టిండు. మామూలు నూనె పెండ్లికూతురు లెక్క మెల్లమెల్లగ నడుస్తుంటే, సింథటిక్ నూనె జర్రున ఉరికిందట. "ఇది పోస్తే మీ బండి పడుచుదైతది" అని చెప్పి తలకొక టోపీ ఇచ్చిండు. లింబయ్య బావ ఆ టోపీ పెట్టుకొనే ఇంటికొచ్చిండు.

"సింథటిక్ సీరెలు సూసిన గని సింథటిక్ నూనె ఏందయ్యా అన్న. ఇంటేనా? షరీఫన్న గూడ వద్దన్నడు."

షరీఫ్ అంటే బోధన్ ఫ్యాక్టరీ తోవల షెడ్డున్న మెకానిక్. ఆ లారీని పదిహేనేండ్ల సంది చూసేది ఆయనే. బావ అడిగితే, "లింబన్నా, ముసలి బండి. దానికి అలవాటైన మామూలు నూనెనే మంచిది. అంబలి తాగే కడుపుల షర్బత్ పోస్తవా?" అన్నడట. బావకు మనసున పట్టలే. తానే వర్నిల సింథటిక్ పోయించుకున్నడు. గప్పటి సంది దినాం నూనె తగ్గుతున్నది. పొద్దున చందూర్‌ల నింపి, నూనె చూసే పుల్ల తీస్తే నిండుగుంటది. పొద్దుగూకే యాళ్ల తిరిగొచ్చి చూస్తే రెండు వేళ్ల మందం కిందికి. ఇంటి ముందల నేల మీద చుక్క లేదు. మరి ఎటు పోతున్నది?

"మీ బావ ఏమనుకున్నడంటే, సెరుకు లైన్ల బండి నిలబడేది షరీఫన్న షెడ్డు ముందల్నే గద. ఈయన సాయ తాగవోయినప్పుడు షరీఫన్న నూనె గుంజుకుంటున్నడట. తన మాట ఇనలేదని కసి అట. మొన్న పది మంది ముందల అననే అన్నడు, దొంగవని."

"షరీఫ్ ఏమన్నడు?"

"ఏమనలే. సేతులు తుడుసుకొని లోపలికి పోయిండు. గప్పటి సంది ఒకల మొగం ఒకలు సూస్తలేరు." అక్క గప్పుడు కూసున్నది. "నాకు ఆపరేషనైనప్పుడు దవాఖానల రక్తమిచ్చిందెవలు తమ్మీ? ఒంట్లె రక్తం పోసినోడు బండ్ల నూనె తీస్తడా? రేపు పొద్దుమీకి ఠాణాల దరఖాస్తు ఇస్తనంటున్నడు మీ బావ. ఆ కాగితం పడ్డదంటే ఇగ జన్మల కలుస్తరా ఇద్దరు?"

నేను జవాబు చెప్పేలోపల్నే మా నడుమ గోడ మీదికెళ్లి ఒక తలకాయ లేసింది.

"అమ్మా, కన్నీరు తుడుచుకో! ఇది మామూలు చోరీ కాదు. అంతర్జాతీయ చమురు ముఠా హస్తం నాకు స్పష్టంగా కనబడుతోంది!"

"గీనెవలు తమ్మీ?" అన్నది అక్క.

"లామినేషన్ అక్కా" అన్న.

* * *

తెల్లారి నా స్కూటర్ మీద ఇద్దరం బోధన్ పోయినం. మారువేషంల వస్తనన్నడు బాపురావు. చూస్తే తెల్ల సఫారీ, నల్ల కండ్లద్దాలు, మెడల మఫ్లర్. ఏం వేషమని అడిగితే, "చక్కెర కొనడానికి వచ్చిన బొంబాయి సేఠ్" అన్నడు. చేతిల కిలో పసుపు పొట్లం గూడ పట్టుకున్నడు. పసుపెందుకంటే "శాస్త్రీయం" అని ఊకున్నడు.

ఫ్యాక్టరీ తోవ పొడుగూత చెరుకు లారీలు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు. ఒకదానెనుక ఒకటి, తాబేళ్లు జాతరకు పోయినట్టు. నేలంత చెరుకాకు పరుచుకొని ఉన్నది. షరీఫ్ షెడ్డుకు ఎదురుంగ మా బావ లారీ నిలబడ్డది. బావ క్యాబిన్ల కూసోని, సింథటిక్ టోపీ పెట్టుకొని, షెడ్డు దిక్కు చూడకుంట ఉండేటందుకు మెడ నొయ్యంగ ఇటు దిక్కే తిప్పుకున్నడు. సత్తక్క రొట్టెల మూట పట్టుకొని బండి నీడల కూసున్నది.

బాపురావు సీదా షెడ్డులకు పోయి, కండ్లద్దాలు ముక్కు కొసకు జార్చి, "నమస్తే. మేము బొంబాయి నుండి..." అన్నడో లేదో, షరీఫ్ లేసి నిలబడ్డడు.

"అరె బాపురావ్ భాయ్! క్యా, దుకాణం బందు పెట్టినవా? పోయిన నెల నా లైసెన్సు లామినేషన్ చేసినవ్ గద, నా ఫోటో మీద బుడగొచ్చింది చూడు."

షరీఫ్ యాభై ఏండ్ల మనిషి. చెంపలు తెల్లగైనయ్. మారువేషం పోయినా బాపురావు ధైర్యం పోలే. నోటుబుక్కు తీసిండు.

"మిస్టర్ షరీఫ్! నీ చేతులకు ఆ నూనె ఎక్కడిది?"

"మెకానిక్‌ను భాయ్. నూనె గాక మైదాకుంటదా?"

"ఓహో! నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"లారీ కింద."

"చూశావా నర్సూ! ఒప్పేసుకున్నాడు!"

"ఎవల లారీ అని అడుగు ముందుగల్ల" అన్న నేను.

"దినాం ఐదారు లారీల కిందికి పోత. గా ఒక్కదాని కిందికి తప్ప." షరీఫ్ నా దిక్కు తిరిగిండు. "నర్సన్నా, ఒక్క పావుగంట చూస్తే ఆ నూనె ఎటు పోతున్నదో చెప్పేటోన్ని. గని ముట్ట. ముడితే తీసిన్నంటడు. పదిహేనేండ్లు ఆ బండి దగ్గితే నాకు నిద్ర పట్టలే. గిప్పుడు దొంగనైన."

ఒక పానా తీసుకొని తుడుసుడు షురూ చేసిండు. గది అప్పటికే తళతళ మెరుస్తున్నది.

బయటికొచ్చినంక బాపురావు గుసగుసగ, "నర్సూ, గమనించావా? అపరాధి ఎప్పుడూ శుభ్రంగా తుడుస్తాడు" అన్నడు.

"అట్లనుకుంటే హోటల్ల బల్లలు తుడిచేటోళ్లందర్ని జేల్ల ఏయాలె."

"నీకు శాస్త్రం తెలియదు."

ఆ శాస్త్రమేందో గప్పుడు బయటపడ్డది. బావను చాయకు తోలి, బాపురావు పసుపు పొట్లం ఇప్పి లారీ సుట్టూత చల్లిండు. నూనె దొంగ వస్తే పసుపుల అడుగులు పడాలె, ఆ అడుగులు పట్టుకొని దొంగ ఇంటిదాక పోవాలె. గదీ ఉపాయం. మేమిద్దరం ఒక ఎడ్లబండి సాటుకు నిలబడి చూస్తున్నం.

పావుగంటకు వెనుక లారీ డ్రైవర్ దిగిండు. పసుపు చూసిండు. చెప్పులిడిసి, లారీకి దండం పెట్టి పోయిండు. ఇంకొకాయన కుంకుమ తెచ్చి ముందల చక్రానికి బొట్టు పెట్టిండు. మహారాష్ట్ర దిక్కుకెళ్లి వచ్చిన ముసలాయన ఒకడు "కాయ్ పూజా ఆహే?" అనుకుంట, ఏం పూజనో ఎవలు చెప్పకముందే కొబ్బరికాయ కొట్టనే కొట్టిండు. అర్ధగంటల లారీ సుట్టూత ముప్పై మంది తిరిగిండ్రు. సత్తక్క గూడ అగర్‌బత్తీలు ముట్టించింది.

జనం పోయినంక బాపురావు భూతద్దం పట్టుకొని వంగిండు. అన్ని అడుగుల నడుమ ఒక జత మాత్రం మళ్ల మళ్ల కనబడ్తున్నది. ఎడమ చెప్పు మడిమ కాడ రూపాయంత బొక్క. "ఇదే! లారీ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఇక్కడ ఆగాడు. ఇక్కడ వంగాడు. అతి క్రూరుడు నర్సూ, నడకలోనే తెలుస్తోంది!" అనుకుంట ఆ అడుగులెంబడి పోయిండు. లారీ సుట్టు తిరిగి, ఎడ్లబండి సాటుకు పోయి, మళ్ల లారీ కాడికొచ్చి, ఆఖరుకు తన కాళ్ల కాడ నిలబడ్డడు.

ఎడమ చెప్పు లేపి చూసుకున్నడు.

"ఏమైంది?" అన్న.

"దొంగ నా చెప్పుల్లాంటివే కొన్నాడు" అన్నడు.

గంతటితోని ఆగితే బాగుండు. నూనె చూసే పుల్ల గుంజి, కొసకున్న నూనె నాలుక మీద ఏసుకొని కండ్లు మూసుకున్నడు. "విదేశీ సరుకు..." అని ఒక్క మాటనే అన్నడు. తర్వాత అర్ధగంట ఉమ్ముతనే ఉన్నడు. సత్తక్క రెండు చెరుకు ముక్కలు నమలమని ఇచ్చింది.

పొద్దు నెత్తి మీదికొచ్చింది. బావ చాయ తాగొచ్చి, నన్ను పక్కకు పిలిచిండు. జేబుల మడతపెట్టిన కాగితమున్నది.

"బామ్మర్దీ, గిది రాయించిన. బండి ఖాళీ చేసినంక ఠాణాకు పోత. నువ్వు సాక్షి సంతకం పెట్టాలె."

"బావా, ఒక్కసారి ఆయనతోని మాట్లాడరాదు?"

"ఏం మాట్లాడాలె?" బావ నేల దిక్కు చూసిండు. "వేరేటోడు తీస్తే ఇంత బాధ గాకపోవు నర్సన్నా. నేను బండి తాళాలు ఇంటిదాన్ని నమ్మి ఇయ్యలే గని షరీఫ్ భాయ్‌ని నమ్మి ఇచ్చిన."

"ఇంటిదాని ముందల్నే అంటున్నవ్" అన్నది అక్క, రొట్టె తుంచుకుంట.

నేను సంతకం పెట్టనని చెప్పి చాయ హోటల్ దిక్కు నడిచిన. మనసు మంచిగ లేకుండె. పోయేముందు చూస్తే బాపురావు లారీ కిందికి దూరుతున్నడు.

"ఏం చేస్తున్నవ్?"

"దొంగ నూనెను కిందనే కదా తీయాలి! వాడి రాక కోసం వాడి చోటులోనే పొంచి ఉంటాను. నన్ను పలకరించకు. ఈ క్షణం నుండి నేను లేను."

చెరుకాకు మెత్తగ పరుచుకొని, మఫ్లర్ తల కింద పెట్టుకొని, ఎల్లకిల పండుకున్నడు. లోపట నీడ, సల్లగాలి. నేను పది అడుగులు ఏసేలోపల్నే లేని మనిషి గురక ఇనబడ్డది.

* * *

చాయ గ్లాసు నోటి కాడ పెట్టిన. గప్పుడు లైన్ కదిలింది. ఫ్యాక్టరీ గేటు తెరిచిండ్రు. ముందలి బండ్లు ఒక్కొక్కటి కదులుతున్నయ్. వెనుకకెళ్లి హారన్లు. ఏదో యాదికి రావాలె, వస్తలేదని ఆలోచిస్తుంటే బావ లారీ ఇంజన్ గుర్రుమన్నది.

గ్లాసు పడేసి ఉరికిన.

"బావా! ఆపు! కింద మనిషి! బాపురావు!"

ఇనబడ్తే గద. పాత బండి. బ్రేకులకు గాలి ఎక్కెదాక రేస్ ఇయ్యాలె. బావ కాలు నొక్కిపట్టి దబదబ రేస్ ఇస్తున్నడు. ఆ మోత నడుమ లారీ కిందికెళ్లి ఒక పొలికేక.

"ఓరి నాయనో! సచ్చిన్రో! పొడిసిండ్రు!"

పుస్తకాల భాష పోయింది. సత్తక్క లేసి క్యాబిన్ తలుపు మీద రెండు చేతులతోని కొట్టుడు పెట్టింది. బావ గేర్ మీద చెయ్యేసిండు.

షెడ్డుకెళ్లి షరీఫ్ ఉరికొచ్చిండు. ఆ వయసుల అట్ల ఉరుకుతడని నేననుకోలే. అవుతల తలుపు గుంజి, ఒక్క దూకుల క్యాబిన్ల పడి, ఇంజన్ ఆపే వైరు పట్టి గుంజిండు. లారీ ఒక్కసారి దగ్గి సప్పుడు బంద్ చేసింది.

"నా బండెందుకెక్కినవ్?" బావ మీదికి లేసిండు.

"కింద మనిషున్నడు లింబన్నా!"

బావ మొగం తెల్లగైంది. ఇద్దరు కిందికి దిగిండ్రు. కాళ్లు పట్టుకొని ముగ్గురం బాపురావును బయటికి గుంజినం. తెల్ల సఫారీ మెడ కాడికెళ్లి బొడ్డు దాక నల్లగైంది. మొగమంత జిడ్డు. కండ్లు గట్టిగ మూసుకున్నడు.

"నర్సూ, నా రక్తం మస్తు పోయిందిరా... మా ఇంటిదానికి చెప్పు... జిరాక్స్ మిషన్ అమ్మొద్దని చెప్పు..."

షరీఫ్ వంగి ఆయన కడుపు మీద ఏలు పెట్టి, రెండు వేళ్ల నడుమ రాసి చూసిండు. వాసన చూసిండు.

"లింబన్నా, గిది రక్తం కాదు. నీ నూనె."

షరీఫ్ చెరుకాకు మీద పండుకొని లారీ కిందికి జరిగిండు. బావ గూడ ఇటు దిక్కుకెళ్లి జరిగిండు. నాలుగు దినాలకు ఇద్దరి తలకాయలు ఒక్క కాడ కలిసినయ్.

"ఇంజన్‌కు గేర్‌బాక్సుకు నడుమ చూడు. ఆ అంచు కాడ. చుక్క ఏలాడుతున్నదా?"

"ఆ."

"గిప్పుడు పడ్తున్నదా?"

"లేదు. ఆగింది."

"సత్తవ్వా, తాళం తిప్పు!" అని కేకేసిండు షరీఫ్. గేర్ తీసే ఉన్నదని చూసొచ్చి, చక్రాలకు రాళ్లు పెట్టి, అక్కతోని తాళం తిప్పించిన. ఇంజన్ లేసిందో లేదో, "పడ్తున్నది! ధార లెక్క పడ్తున్నది!" అని బావ కింద నుంచి మొత్తుకున్నడు. బండి ఆపితే ధార ఆగింది.

షరీఫ్ బయటికొచ్చి చేతులు తుడుసుకున్నడు. "సీల్ పోయింది."

బాపురావు టక్కున లేసి కూసున్నడు. "సీలా? ఏ ఆఫీసుది? గుండ్రంగా ఉందా? సంతకం ఉందా?"

"నూనె ఆపే రబ్బర్ సీల్ భాయ్. ఇరవై ఏండ్లకు ఎండి చెక్కైంది. గిన్నేండ్లు మామూలు నూనె మడ్డి దాని సుట్టూత పేరుకొని బొక్కలు మూసింది. ఈ సింథటిక్ వచ్చి ఇల్లంత కడిగినట్టు కడిగింది. మడ్డి పోయింది, బొక్క మిగిలింది. ఇంజన్ నడిస్తేనే నూనెకు దాబు, ఒత్తిడి ఉంటది, గందుకే నడుస్తున్నంత సేపు కారింది. చందూర్ కాడికెళ్లి బోధన్ దాక తోవకు నూనె పోసినవ్ లింబన్నా. ఆపంగనే ఆగింది. ఇంటి ముందల చుక్క ఎట్ల దొరుకుతది?"

"అంటే నూనె ఖరాబుదా?" అని అడిగింది అక్క.

"కాదమ్మా. మస్తు మంచి నూనె. కొత్త బండ్ల పోస్తే బేఫికర్. గీ బండికే పడదు."

బావ తల మీది టోపీ తీసిండు. ఏం చేయాల్నో తెల్వక దాన్ని రెండు చేతులల్ల తిప్పుతున్నడు. తర్వాత జేబులకెళ్లి కాగితం తీసి, నాలుగు తుకుడాలు చేసి, చెరుకాకుల కలిపిండు. అన్నీ చూస్తున్న షరీఫ్ ఏం కాగితమని అడగలే.

"భాయ్" అన్నడు బావ.

"గేర్‌బాక్సు దించాలె" అన్నడు షరీఫ్. "రేపంత పట్టొచ్చు. గియ్యాల్టికి నా కాడున్న మామూలు నూనె చిక్కటిది పోస్త. గేటు దాక పోయి ఖాళీ చేసుకొని రా. ఈ చెరుకు ఎండితే రైతుకు తూకం పోతది."

"మస్తు మాటన్న భాయ్ నిన్ను."

"అన్నవ్." షరీఫ్ నూనె డబ్బా కోసం షెడ్డు దిక్కు తిరిగిండు. "నాలుగు దినాలు నీ ఇంజన్ సప్పుడు ఇనుకుంటనే ఉన్న. లోపల కూసోనే. ఏదో తేడా ఉన్నదని తెలుస్తనే ఉండె. లేసి రాలే. నా తప్పు గూడ ఉన్నది."

సత్తక్క రొట్టెల మూట ఇప్పి షరీఫ్ చేతిల రెండు పెట్టింది. "ముందుగాల తినుండ్రి. తిన్నంక ఏడ్వుండ్రి ఇద్దరు" అన్నది. ఆమెనే కొంగు కండ్లకు అద్దుకున్నది.

నూనె పోసుకొని లారీ కదిలింది. సప్పుడు ఇనాలె అని చెప్పి షరీఫ్ గూడ క్యాబిన్ల కూసున్నడు. గేటు దాక పోయేలోపల్నే గేర్లు ఎట్ల మార్చాలె అన్న దాని మీద ఇద్దరు లొల్లి పెట్టుకున్నరు. ఆ లొల్లి ఇంత దూరానికి గూడ ఇనబడ్డది.

బాపురావు రోడ్డు మీద నిలబడి, నూనె మొగంతోని, నడుం మీద చేతులు పెట్టుకొని ఆ లారీ దిక్కు చూసిండు. పుస్తకాల భాష తిరిగొచ్చింది.

"చూశావా నర్సూ! ప్రాణాలకు తెగించి, శత్రువు గర్భంలో ప్రవేశించి, రహస్యాన్ని నా ఛాతీతో పట్టుకున్నాను!"

"గురక పెట్టినవ్ గద?"

"అది ఇంజన్‌ను మభ్యపెట్టడానికి."

గప్పటికే మా సుట్టూత పది మంది డ్రైవర్లు జమైండ్రు. బాపురావు కార్డులు పంచుదామని జేబుల చెయ్యి పెట్టిండు. అండ్ల ఒక్క కార్డుకు గూడ నూనె అంటలే, లామినేషన్ చేసినవే గద. అందరికన్న ముందల మీసాలాయన ఒకడు, దోసకొండ నుంచి చెరుకు కొట్టే డ్రైవర్, చేతులు జోడించిండు.

"సార్, మీరు డిటెక్టివట గద. నిజమేనా?"

"ముమ్మాటికీ!" బాపురావు ఛాతి ఉబ్బింది. "చెప్పండి, ఏమిటి మీ కేసు?"

"మా బండి గూడ నూనె తాగుతున్నది సార్. జర వచ్చి కింద పండుకోరాదుండ్రి?"

వెనుకకెళ్లి ఇంకొకడు, "మాది గూడ సార్, ముందల మాదే!" అన్నడు.

బాపురావు నా దిక్కు చూసిండు. డ్రైవర్ల దిక్కు చూసిండు. మఫ్లర్ సర్దుకొని, గొంతు సవరించుకొని, మస్తు గంభీరంగ అడిగిండు:

"చెరుకాకు మెత్తగా పరిచారా?"